షెడ్డుకి వెళ్లే ముందు బ్రేకు పెడల్‌ని అడగండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున కారు బ్రేకుల గురించి వినడానికి ఇంతమంది వస్తారనుకోలేదు.

షెడ్డుకి వచ్చేవాళ్లు ఎక్కువగా అనే మాట ఒకటే: "బ్రేకు సరిగా పడట్లేదు, చూడండి." పెడల్ రాయిలా ఉందా, మెత్తగా ఉందా, కిందికి జారుతోందా, బండి పక్కకి లాగుతోందా? దేని జబ్బు దానిదే. అదేదో చెప్పకపోతే మెకానిక్ అన్నీ విప్పుతాడు, బిల్లు మీరు కడతారు. జాకీ కూడా లేకుండా ఇంటి దగ్గరే చాలావరకు తేల్చుకోవచ్చు.

చదునైన చోట బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఇంజిన్ ఆపండి. పెడల్‌ని ఐదారుసార్లు తొక్కితే బిగుసుకుపోతుంది. కాలు తీయకుండా స్టార్ట్ చేయండి. పాదం కింద పెడల్ కాస్త దిగితే బూస్టర్, అంటే మన కాలి బలాన్ని పెంచే భాగం, పనిచేస్తున్నట్టే. దిగకపోతే బూస్టరో, దానికొచ్చే వాక్యూమ్ పైపో చూడాలి. ఎలక్ట్రిక్ కార్లలో ఏర్పాటు వేరు, వాటికి ఈ పరీక్ష పెట్టకండి.

ఇంజిన్ ఆన్‌లో ఉండగానే పెడల్‌ని ఒకే బలంతో అర నిమిషం నొక్కిపట్టండి. మెల్లగా నేలవైపు జారుతుంటే, బయట చుక్క కారకపోయినా, పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలవైపు నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు పోయి ఉండొచ్చు. మెత్తగా ఉండి, పెడల్‌ని పంపులా కొడితే పైకొస్తుంటే బ్రేక్ ఆయిల్ లైన్లో గాలి చేరి ఉంటుంది, లేదా వెనక డ్రమ్ముల్లో బ్రేకు షూలు లూజై ఉంటాయి.

ఇక బ్రేక్ ఆయిల్. డబ్బాలో తగ్గింది కదా అని పోసేయడం మనలో చాలామందికి అలవాటు. నాకు ఒళ్లుమండేది అక్కడే! చక్రంతో తిరిగే డిస్కుని పట్టి ఆపే ప్యాడ్లు అరిగేకొద్దీ, వాటిని నొక్కే కాలిపర్ పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ మేరకు ఆయిల్ దిగుతుంది. అంటే ప్యాడ్లైనా అరిగి ఉండాలి, లేదా ఎక్కడైనా కారుతూ ఉండాలి. పైన పోసేస్తే ఆ ఆచూకీ చెరిపేసినట్టే. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్లు వెనక్కి నెడితే అదంతా పొంగి పెయింట్ మీద పడుతుంది, పెయింట్ లేచిపోతుంది. ఇంజిన్ ఆయిల్ పోసినవాళ్లూ ఉన్నారు. రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోయి, చివరికి ప్రతి సీలూ మార్చుకోవాల్సి వస్తుంది.

ఈ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తలో కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ ప్రమాణం 155కి పడిపోతుంది. తిరుమల ఘాట్‌లో టాప్ గేర్‌లో బ్రేకు తొక్కుతూనే దిగితే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. ఆవిరి నలిగిపోతుంది తప్ప ఒత్తిడిని చక్రం దాకా చేర్చదు, పెడల్ ఉత్తినే దిగిపోతుంది. అందుకే చిన్న గేర్‌లో దిగండి. ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించండి, మీ మాన్యువల్ వేరే చెబితే అదే పాటించండి.

చప్పుళ్ల సంగతి. వాన పడిన మర్నాడు వచ్చే గరగర డిస్కు మీద తుప్పుది, నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది. తొక్కినప్పుడల్లా కీచుమంటే, చాలా ప్యాడ్లకి అరుగుదల చెప్పే చిన్న రేకు ఉంటుంది, అది డిస్కుకి తగులుతుండొచ్చు. చక్రం సందులోంచి టార్చ్ వేసి చూడండి. ప్యాడ్ 3 మిల్లీమీటర్లకి వచ్చిందంటే మార్చాల్సిందే. లోపలి ప్యాడ్ కూడా చూడాలి సుమా, కాలిపర్ పిన్నులు బిగుసుకుంటే ఒకోసారి అదే ముందు అరుగుతుంది. ఇనుముకి ఇనుము గీరుకుంటే బండి తీయకండి. సడన్ బ్రేక్‌లో పెడల్ దడదడలాడితే టెన్షన్ వద్దు, అది ఏబీఎస్, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు.

పక్కకి లాగుతుంటే కాస్త దూరం నడిపి ఆపి, ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి సెగ చూడండి. డిస్కుని మాత్రం ముట్టుకోకండి. ఒక చక్రం మరీ వేడిగా ఉంటే ఆ వైపు కాలిపర్ జామ్ అయి ఉంటుంది.

పెడల్ నేలని తాకితే పరీక్షలేమీ వద్దు, టోయింగ్ బండిని పిలవండి.

ఇప్పుడు కింద పార్కింగ్‌కి వెళ్దాం. ఎవరిదైనా పెట్రోల్ బండి ఉంటే తాళం ఇవ్వండి, బూస్టర్ పరీక్ష అందరూ తలోసారి తొక్కి చూద్దురుగాని.