ఆ కోణం అర డిగ్రీ కూడా లేదు

నమస్కారం. ముందు ఒక చిన్న కోణం ఊహించుకోండి. దాదాపు 0.42 డిగ్రీలు. గడియారంలో నిమిషాల ముల్లు అంత జరగడానికి నాలుగు సెకన్లు చాలు. ఇవాళ్టి వీడియో ఆ కోణం గురించే.

కాంతి తరంగం ఊగే దిశను ధ్రువణం అంటాం. అయస్కాంత క్షేత్రంలో పెట్టిన గాజు గుండా వెళ్తే ఆ దిశ కొంచెం తిరుగుతుందని 1845లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఎంత తిరుగుతుందనేది గాజు రకాన్ని బట్టి, మందాన్ని బట్టి మారిపోతుంది.

ఇక టోపాలాజికల్ ఇన్సులేటర్. దీని లోపల కరెంటు పారదు, ఉపరితలం మీద పారుతుంది. అందులో క్రోమియం లాంటి అయస్కాంత పరమాణువులు కలిపి బాగా చల్లబరిస్తే ఉపరితలం కూడా మూసుకుపోతుంది. అంచు వెంట ఒకే దిశలో వెళ్లే దారి మాత్రం మిగులుతుంది. 2013లో చైనాలో షుయే చికున్ బృందం 30 మిల్లీకెల్విన్ దగ్గర దీన్ని కొలిచి చూపింది, అదీ బయటి అయస్కాంత క్షేత్రం లేకుండా.

అలాంటి పల్చటి ఫిల్మ్ గుండా కాంతిని పంపితే? ఇక్కడికొచ్చేసరికి నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఫిల్మ్ ఏ ఆధారమూ లేకుండా విడిగా ఉందనుకుంటే, ధ్రువణం తిరిగే కోణానికి టాంజెంట్ సుమారు 1/137. మొదట చెప్పిన 0.42 డిగ్రీలు ఇవే. అంటే సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం! పరమాణువులో ఎలక్ట్రాన్‌కీ కాంతికీ ఉన్న బంధాన్ని కొలిచే సంఖ్యే ఇక్కడా వచ్చింది. ఫిల్మ్ మందంతో దానికి పనే లేదు.

కొలవడం మాత్రం కష్టం. కంటికి కనిపించే కాంతి పనికిరాదు. దాని ఫోటాన్ శక్తి సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టులు. అయస్కాంతత్వం ఉపరితలంలో తెరిచిన శక్తి అంతరం, అంటే ఎలక్ట్రాన్లు ఉండలేని శక్తుల ఖాళీ, అంతకంటే ఎన్నో రెట్లు చిన్నది కాబట్టి, ఎలక్ట్రాన్లు దాన్ని ఎగిరి దాటేస్తాయి. అందుకే టెరాహెర్ట్జ్ కాంతి వాడతారు. 1 టెరాహెర్ట్జ్ ఫోటాన్ శక్తి దాదాపు 4 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులే. ఇంకో చిక్కు, ఫిల్మ్ ఏదో ఒక పలక మీదే పెరగాలి, ఆ పలక కోణాన్ని మార్చేస్తుంది. 2016లో జపాన్ పరిశోధకులు ఫిల్మ్ గుండా వెళ్లిన కాంతినీ, వెనక్కి తిరిగొచ్చిన కాంతినీ రెండింటినీ కొలిచి, పలక ప్రభావాన్ని లెక్కలోంచి తీసేశారు. ఎంత తెలివైన పని!

మాంగనీస్ బిస్మత్ టెల్లురైడ్ అనే మరో టోపాలాజికల్ ఇన్సులేటర్‌లో అయితే అయస్కాంత పరమాణువులు స్ఫటికంలోనే ఉంటాయి, విడిగా కలపనక్కర్లేదు. సుమారు 25 కెల్విన్ కింద పక్కపక్క పొరల అయస్కాంత దిశలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. సరి సంఖ్యలో పొరలుంటే మొత్తం అయస్కాంతత్వం సున్నా. అయినా 2023లో వృత్తాకార ధ్రువణ కాంతితో, అంటే ఊగే దిశ గుండ్రంగా తిరుగుతూ సాగే కాంతితో, ఆ అమరిక ఎటు తిరగాలో నిర్ణయించగలిగారు. కుడి చుట్టు కాంతికి ఒక అమరిక, ఎడమ చుట్టుకి దాని తలకిందులు.