ఫోన్-ఇన్: రాష్ట్రం దేశం నుంచి విడిపోవచ్చా?

యాంకర్: టంగుటూరు నుంచి కాల్. చెప్పండి.

కాలర్: నమస్కారం సార్. పొగాకు రైతుని. వేలం కేంద్రంలో బేళ్లు పెట్టుకుని కూర్చున్నప్పుడు మావాళ్లకి వాదన వచ్చింది. తెలంగాణ విడిపోయింది గదా, అట్టానే ఒక రాష్ట్రం దేశంలోంచి పోతానంటే కుదురుద్దా?

లాయర్: కుదరదండీ. తెలంగాణ విడిపోయింది ఆంధ్రప్రదేశ్ నుంచి, దేశం నుంచి కాదు. రాజ్యాంగం మూడో అధికరణం కింద పార్లమెంటు చేసిన పని అది. అసెంబ్లీని అభిప్రాయం అడుగుతారంతే. 2014 జనవరిలో మన అసెంబ్లీ ఆ బిల్లు వద్దంది, అయినా జూన్ 2న తెలంగాణ వచ్చింది. హద్దులు మార్చే అధికారమే రాష్ట్రానికి లేదు, ఇక బయటికి పోయే దారెక్కడ? 1948 నవంబర్ 4న అంబేద్కర్ రాజ్యాంగ సభలోనే తేల్చేశారు. మన సమాఖ్య రాష్ట్రాలు ఒప్పందం చేసుకుంటే ఏర్పడింది కాదు, కాబట్టి విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదన్నారు.

కాలర్: కేంద్రమే సరే పొమ్మంటే?

లాయర్: అడగాల్సిన ప్రశ్నే. భూభాగాన్ని వేరే దేశానికి ఇవ్వాలంటే రాజ్యాంగ సవరణ కావాలని 1960లో పశ్చిమ బెంగాల్‌లోని బెరుబరి అనే ప్రాంతం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బంగ్లాదేశ్‌తో భూముల మార్పిడికి 2015లో వందో సవరణ చేశారు. అవి చిన్న ముక్కలు. రాష్ట్రం మొత్తమంటే కోర్టు ఊరుకుంటుందని నేననుకోను.

కాలర్: వేరే దేశాల్లో ఓటింగ్ పెట్టారంట గదా?

లాయర్: స్కాట్లాండ్‌లో 2014లో పెట్టారు, అదీ లండన్‌లోని బ్రిటన్ ప్రభుత్వం ఒప్పుకున్నాకే. 55 శాతం మంది వద్దన్నారు. స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతం 2017లో అక్కడి కేంద్రం కాదన్నా పెట్టింది. నాయకులు కొందరు జైలుకెళ్లారు.

కాలర్: అమ్మో. మరి మా మాటలకి కేసు పెడతారా సార్? మా బావమరిది టెన్షన్ పడతన్నాడు.

లాయర్: కబుర్లకి కేసేంటండీ! విడిపోదామని జనాన్ని కూడగడితే వేరే సంగతి. 1967 నాటి ఉపా, అంటే చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం కింద ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. అసలు చట్టం పక్కన పెట్టండి. మీ వైపు సాగర్ కుడి కాలువ నీళ్లేగా?

కాలర్: మంచినీళ్లకి కూడా అవే సార్.

లాయర్: కృష్ణ పుట్టేది మహారాష్ట్రలో. ఇప్పుడు వాటా తేడా వస్తే ట్రిబ్యునల్ ఉంది, సుప్రీంకోర్టు ఉంది. వేరే దేశమైతే ఆ గడప ఎక్కలేరు. మీ పొగాకు బోర్డు కూడా కేంద్ర చట్టంతో వచ్చిందే. అప్పుల్లో వాటా ఎంత, కరెన్సీ ఏది, పాస్‌పోర్టు ఎవరిస్తారు... ఒక్కోదానికి ఏళ్లు పడుతుంది.

కాలర్: ఈ ప్రోగ్రాం మళ్లీ వస్తదా సార్? నేను చెప్తే మావాళ్లు నమ్మరు.

యాంకర్: రేపు పొద్దున పునఃప్రసారం ఉందండీ. తర్వాతి కాల్ కావలి నుంచి, పట్టాదారు పాసుపుస్తకం గురించి.