రెల్లు లెక్క

శ్రోతలకు నమస్కారం.

దసరా రోజుల్లో గోదావరి లంకలు చూశారా? రెల్లు తెల్లగా విరగబూసి ఉంటుంది. ఆ రెల్లు చెరకుకి దగ్గరి చుట్టం. ఆ చుట్టరికాన్ని తరచి చూసిన ఒకావిడ గురించి ఈ పూట చెబుతాను. పేరు జానకి అమ్మాళ్.

1897లో తలశ్శేరిలో పుట్టారు. మద్రాసులో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, అమెరికా వెళ్ళి మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1931లో డాక్టరేటు తెచ్చుకున్నారు. 1934లో కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో చేరారు.

లావు చెరకులో తీపి ఉంది, మొండితనం లేదు. రెల్లులో మొండితనం ఉంది, తీపి లేదు. రెంటినీ కలిపి కొత్త రకాలు తీయడం అక్కడ అప్పటికే మొదలైంది. అలా పుట్టిన మొక్కకి ఎవరి నుంచి ఎంత వచ్చిందో తెలియాలంటే క్రోమోజోములు, అంటే కణాల్లో తల్లిదండ్రుల లక్షణాల్ని మోసే దారపు పోగుల్లాంటివి, లెక్కపెట్టాలి.

లెక్కపెట్టడమంటే మాటలు కాదండీ. నేను డిగ్రీలో ఉల్లి వేరుతో చేశాను. బియ్యపు గింజలో సగమంత వేరు కొస కోసి, రంగు పట్టించి, గాజు పలక మీద పెట్టి, పైన పల్చటి గాజుబిళ్ళ వేసి బొటనవేలితో నొక్కాలి. గట్టిగా నొక్కితే చితికిపోతుంది, మెల్లగా నొక్కితే అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఉల్లికి ఉన్నవి 16. ఆ 16 విడివిడిగా కనపడ్డానికి నాకు వారం పట్టింది. లావు చెరకులో 80! రెల్లులో ఒక్కోచోటి మొక్కకి ఒక్కో లెక్క, 40 నుంచి 128 దాకా. ఆవిడ లెక్కపెట్టారు. చెరకుని మొక్కజొన్నతో సంకరం చేసి, ఆ మొక్కలోనూ లెక్కపెట్టారు.

తర్వాత ఇంగ్లండు. యుద్ధకాలం. రాత్రి బాంబులు పడుతుంటే మంచం కింద దూరి, తెల్లారి పగిలిన గాజు ఊడ్చుకుని మళ్ళీ పనిలో కూర్చునేవారట. 1945లో డార్లింగ్టన్ అనే శాస్త్రవేత్తతో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల పట్టిక అచ్చువేశారు. అక్కడి విజ్లీ తోటలో ఆవిడ పనిచేసిన మాగ్నోలియా పూలచెట్లలో ఒక రకానికి ఆవిడ పేరే పెట్టారు. 1951లో నెహ్రూ పిలుపు మీద తిరిగొచ్చారు. 1977లో పద్మశ్రీ. ఇంత మనిషి పేరు మన పిల్లలకి తెలియకపోవడం నాకు బాధే.

మాస్టార్లకి ఒక్క మాట. గ్లాసు నిండా నీళ్ళు పోసి, ఉల్లిగడ్డని అడుగు నీటికి తగిలేలా పెట్టండి. మూడు నాలుగు రోజుల్లో తెల్లటి వేళ్ళు దిగుతాయి. ఉదయంపూట కొసలు కోయండి. నొక్కడం మాత్రం పిల్లల చేతే చేయించండి.