మాటల రచయిత తాపీ ధర్మారావు
(విజయవాడలో యువ రచయితల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. రాజకీయాలు, సమాజం గురించి సినిమాలకి రాయాలనుందని మీలో కొందరు ఇందాక నాతో అన్నారు. అందుకే ఇవాళ తాపీ ధర్మారావు గారి గురించే మాట్లాడతాను.

ఆయన 1887లో బరంపురంలో పుట్టారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారి దగ్గర చదువుకున్నారు. తర్వాత పత్రికలు నడిపారు. ‘జనవాణి’లో జనం మాట్లాడుకునే తెలుగునే అచ్చు వేశారు. సినిమాకి రాకముందే ఆయన రాజకీయం అక్కడ మొదలైందని నా నమ్మకం.

1938లో గూడవల్లి రామబ్రహ్మం గారు ‘మాలపిల్ల’ తీశారు. కథ చలం గారిది, మాటలు తాపీ వారివి. తెలుగు టాకీ వచ్చి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. తెర మీద ఎక్కువగా పురాణాలే. దేవుళ్లూ రాజులూ నాటకాల ఫక్కీలో మాట్లాడేవారు. అదే తెర మీద మాలపల్లె మనుషులు మమ్మల్నీ గుడిలోకి రానివ్వండని అడిగారు, అదీ వాడుక మాటల్లో. నేల టిక్కెట్టులో కూర్చున్న కూలి మనిషికి అది ఎలా వినపడి ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. ఊళ్లో తలెత్తి అనలేని మాట, తన యాసకి దగ్గరగా, హాలంతా మోగింది!

ఆ కథతో నాకొక పేచీ ఉంది. మంటల్లో చిక్కుకున్న పూజారి భార్యను దళితుడు కాపాడాకే ఆ పూజారి మనసు మారుతుంది. గుడిలోకి వెళ్లే హక్కుని ప్రాణాలొడ్డి సంపాదించుకోవాలా? హక్కు హక్కే కదా. మీరు రాసేటప్పుడు ఈ ప్రశ్న మర్చిపోకండి.

1955లో ‘రోజులు మారాయి’ వచ్చింది. దర్శకుడు ఆయన కొడుకు తాపీ చాణక్య. మాటలు రాసిన తండ్రికి అప్పటికి అరవై ఏడు దాటాయి. భూస్వామి మోసాలు, రైతులంతా ఒక్కటవడం, ఇదీ కథ. మా నాన్న కంకిపాడు దగ్గర కౌలు రైతు. కొసరాజు గారి ‘ఏరువాకా సాగారో’ పాడుకుంటూనే పొలానికి వెళ్లేవాడు. పాట సరే, ఆ సినిమాలో రైతులు మాట్లాడే తీరు ఆయనకి ఇంకా ఇష్టం. “మనోళ్లలాగే మాట్లాడతార్రా” అనేవాడు.

ఇంటికెళ్లాక ఆ సినిమాలో ఒక సీను పెట్టుకుని, కళ్లు మూసుకుని మాటలు మాత్రమే వినండి. తర్వాత మీ ఊరి కౌలు రైతు దగ్గర ఒక పూట కూర్చుని, ఆయన మాటలూ వినండి. రెండూ రాసుకుని వచ్చే సభకి తీసుకురండి. కలిసి చదువుకుందాం.