రాజుగారు పక్కకు ఒరిగారు

అక్క: నమస్కారం. ఇవాళ్టి విషయం పోయిన వారమే చెప్పాం. సంక్రాంతికి ఊరెళ్తే ఇంట్లో చేపల సంగతేంటి?

తమ్ముడు: ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు రెండు మూడు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటాయి. అంతకన్నా ఎక్కువ రోజులైతే పక్కింటివాళ్లకు డబ్బా మొత్తం ఇచ్చేయకండి. పూటకు ఎంతో కొలిచి పొట్లాలు కట్టి ఇవ్వండి.

అక్క: డబ్బా అంటే గుర్తొచ్చింది, ఏడో ఎపిసోడ్‌లో...

తమ్ముడు: ఆ డబ్బా ఊసెత్తకు.

అక్క: సరే. అసలు నాకు ఇవాళ పండగ మీద ధ్యాసే లేదురా. మా ఫైటర్ చేప రాజుగారికి బాగోలేదు.

తమ్ముడు: నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచి నాకూ అదే టెన్షన్. ఇప్పుడెలా ఉన్నారు?

అక్క: అడుగున ఎడమపక్కకు ఒరిగి పడుకున్నారు. గాలి కోసం లేవాలంటే ముందు రెక్కలు రెండూ టపటపా కొట్టుకుంటూ, తోక ఈడ్చుకుంటూ వస్తారు. ఇంకో బెత్తెడు ఉందనగా ఓపిక అయిపోయి, రాలిన ఆకులా మళ్లీ కిందికి. రాత్రి రెండింటి దాకా చూస్తూ కూర్చున్నా.

తమ్ముడు: థర్మామీటర్ ఎంత చూపిస్తోంది?

అక్క: మొదలెట్టావా! పొద్దున 21. హీటర్ పెట్టాను.

తమ్ముడు: ఫైటర్ థాయ్‌లాండ్ వైపు వరిమళ్లలో పెరిగే చేప. 25 నుంచి 28 డిగ్రీలు ఉండాలి. మన హైదరాబాద్ చలికి నీళ్లు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది. పొట్ట ఉబ్బి, చేపను నీళ్లలో తేలేలా చేసే గాలితిత్తిని, అదే స్విమ్ బ్లాడర్‌ని, నొక్కేస్తుంది. రోజుకు ఎన్ని గింజలు వేస్తున్నావు?

అక్క: పది. కొట్టతను అంతే చెప్పాడు.

తమ్ముడు: పదా! ఫైటర్ పొట్ట దాదాపు దాని కంటి గుడ్డంత ఉంటుంది. పైగా ఆ ఎండు గింజలు తడిస్తే ఉబ్బుతాయి.

అక్క: అందుకే పచ్చి బఠాణీ ఉడికించి, తొక్క తీసి పెట్టుకున్నా. మలబద్ధకం తగ్గుతుందట.

తమ్ముడు: వద్దక్కా. గోల్డ్ ఫిష్ ఆకూ అలమూ తింటుంది, దానికి బఠాణీ సరే. ఫైటర్ పురుగులు తినేది. పెట్టాలనుకుంటే కోలుకున్నాక డాఫ్నియా, అదే చిన్న చిన్న నీటి పురుగులు, పెట్టు.

అక్క: మరి నన్నేం చేయమంటావు? నువ్వు అక్కడ కూర్చుని వద్దు వద్దు అంటున్నావు. ఇక్కడ ఆయన ఊపిరి కోసం కొట్టుకుంటుంటే చూస్తున్నది నేను!

తమ్ముడు: ...కోప్పడకు. మనకు జ్వరం వస్తే అమ్మమ్మ ఏమనేది?

అక్క: లంఖణం పరమౌషధం.

తమ్ముడు: అదే. రెండు మూడు రోజులు ఏమీ పెట్టకు. ఇప్పుడు తిండికన్నా ముఖ్యం గాలి. ఫైటర్‌కి మొప్పలు చాలవు, లాబిరింత్ అని తల లోపల ఇంకో అంగం ఉంటుంది. పైకొచ్చి గాలి మింగితేనే బతుకుతుంది. పైకి అందలేదంటే నీళ్లలోనే ఊపిరాడక పోతుంది.

అక్క: అయితే ట్యాంక్‌లో నీళ్లు తగ్గించనా?

తమ్ముడు: తగ్గిస్తే హీటర్ బయటపడి పగలొచ్చు. ఒక ప్లాస్టిక్ డబ్బాకి రంధ్రాలు పెట్టి, ట్యాంక్ అంచుకు తగిలించు. లోపల బెత్తెడు నీళ్లు ఉంటే చాలు. వెచ్చదనం అదే ఉంటుంది, గాలి చేతికందేంత దూరంలో ఉంటుంది.

అక్క: డబ్బానా? ఏడో ఎపిసోడ్ డబ్బా ఇక్కడే ఉంది.

తమ్ముడు: సరే, దాన్నే వాడు! ఇంకోటి చూడు. పై నుంచి చూస్తే పొలుసులు పైనాపిల్‌లా విచ్చుకుని ఉన్నాయా?

అక్క: ఆగు... టార్చ్ వేస్తున్నా. లేదు. నున్నగానే ఉన్నాయి. ఆ నీలం ఇంకా మెరుస్తూనే ఉంది.

తమ్ముడు: హమ్మయ్య! అలా లేచి ఉంటే డ్రాప్సీ, అంటే ఒంట్లో నీరు చేరడం, అది చాలా కష్టం. నీళ్లు ఎప్పుడు మార్చావు?

అక్క: పది రోజులైంది.

తమ్ముడు: చేప వ్యర్థాల వల్ల నీళ్లలో అమ్మోనియా పెరిగి ఉండొచ్చు. పావు వంతు మార్చు. క్లోరిన్ పోయిన నీళ్లు, అదే వేడిలో. చేత్తో చూసి సరిపెట్టుకోకు, థర్మామీటర్...

అక్క: పెడతాలే నాయనా. మరి ఎప్సమ్ సాల్ట్?

తమ్ముడు: రేపటికీ పొట్ట ఉబ్బి ఉంటే. వేరే గిన్నెలో, ట్యాంక్ నీళ్లే నాలుగు లీటర్లకు ఒక టీస్పూన్, పది నిమిషాలు. పక్కనే ఉండు, తూలిపోతుంటే వెంటనే తీసెయ్. ఎప్సమ్ అంటే మెగ్నీషియం సల్ఫేట్, వంటింటి ఉప్పు కాదు, అది వేరు. డబ్బాలో ఒక ఎండు బాదం ఆకు కూడా వెయ్, ఆనుకుని పడుకుంటారు.

అక్క: పెరట్లో చెట్టు కింద బోలెడున్నాయి. పురుగుమందు కొట్టలేదు, కడిగి వేస్తా... ఉండుండు. లేస్తున్నారు.

తమ్ముడు: తిన్నగానా?

అక్క: పక్కకే. కానీ... రండి రాజుగారూ, ఇంకొంచెం... వచ్చారు! బుడగ వదిలారు!

తమ్ముడు: థర్మా...

అక్క: 24. మైకు ఆపెయ్, ముందు డబ్బాకి రంధ్రాలు పెట్టాలి.