ఆవకాయకు కాలేజీ సిఫారసు

శ్రోతలకు నమస్కారం.

ఈమధ్య నాకు తెలిసిన ఒకాయన ఫోన్ చేశారు. ఇంటి దగ్గరే ఊరగాయలు పెట్టి, సొంత వెబ్‌సైటులో అమ్ముతుంటారు. "మాస్టారూ, ఐదు వేలిస్తే అమెరికా యూనివర్సిటీల నుంచి యాభై లింకులు వేయిస్తామంటున్నారు. గూగుల్‌లో మొదటి పేజీకి వస్తామట. ఇమ్మంటారా?" అని అడిగారు.

"ఆవకాయకీ అమెరికా యూనివర్సిటీకీ ఏమిటండీ సంబంధం?" అన్నాను. నవ్వేశారు గానీ, టెన్షన్ తగ్గలేదు.

వేరేవాళ్ల సైటు నుంచి మన సైటుకు ఉండే దారిని బ్యాక్‌లింకు అంటారు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి తండ్రి చెప్పే మాట పక్కనపెట్టి, వాళ్ల వీధిలో విచారిస్తాం కదా! గూగుల్ లాంటి సెర్చ్ ఇంజిన్ చేసేదీ అదే. మన గురించి మనం చెప్పుకున్నదానితో సరిపెట్టుకోదు, పదిమందినీ వాకబు చేస్తుంది.

ఈ ఆలోచన పుట్టింది కాలేజీలోనే. 1996లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు పరిశోధక విద్యార్థులు ఒక సెర్చ్ ఇంజిన్ మీద పనిచేస్తున్నారు. దాని మొదటి పేరు బ్యాక్‌రబ్, తర్వాత అదే గూగుల్ అయింది. పరిశోధన పత్రాన్ని ఎంతమంది ప్రస్తావిస్తే దానికంత విలువ. ప్రస్తావించినవాళ్లు పేరున్నవాళ్లయితే ఇంకా విలువ. ఆ లెక్కనే వెబ్ పేజీలకు వర్తింపజేసి, పేజ్‌ర్యాంక్ అన్నారు. గూగుల్ కూడా మొదట స్టాన్‌ఫర్డ్ వారి వెబ్ అడ్రసు మీదే, అంటే చివర డాట్ ఈడీయూ అనే తోక ఉన్న అడ్రసు మీదే నడిచింది.

ఆ డాట్ ఈడీయూ ఎవరికి పడితే వారికి దొరకదు. 2001 నుంచి కొత్తగా ఇచ్చేది అమెరికాలో గుర్తింపున్న ఉన్నత విద్యాసంస్థలకే. మన దేశంలో డాట్ ఏసీ డాట్ ఇన్ లాంటివి ఎర్నెట్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ ద్వారా విద్యాసంస్థలకు దక్కుతాయి. అందరికీ దొరకని వస్తువు కాబట్టి, ఆ తోకలోనే మహిమ ఉందని ఒక నమ్మకం పాకింది. గూగుల్‌లో పనిచేసిన మాట్ కట్స్ లాంటివాళ్లు అదేమీ లేదని ఎన్నోసార్లు చెప్పారు. కాలేజీ పేజీకి బరువు వచ్చేది దాన్ని చాలామంది నమ్మి, దానికి లింకులు ఇచ్చినందువల్ల. అదే కాలేజీలో ఎవరూ తొంగిచూడని మూల పేజీలో మన లింకు పడితే ఒరిగేదేమీ లేదు.

అయినా బేరాలు ఆగవు. స్కాలర్‌షిప్ ఇస్తామని ప్రకటించి, దాన్ని కాలేజీల ఆర్థిక సహాయం పేజీల్లో పెట్టించుకునేవాళ్లు ఉన్నారు. ఇంకొందరు కాలేజీ సైటులోకి దొంగతనంగా చొరబడి, కంటికి కనబడకుండా లింకులు దాచేస్తారు. పాపం, ఆ ప్రిన్సిపాల్‌గారికి సంగతే తెలియదు. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చి, ఇలా కృత్రిమంగా లింకులు పోగేసిన సైట్లను కిందికి తోసేసింది. డబ్బిచ్చి పెట్టించిన లింకు అయితే ఆ సంగతి తెలిపే గుర్తు దానికి తగిలించాలన్నది వారి నియమం. అది తగిలిస్తే ర్యాంకు మీద ఆశ వదులుకోవలసిందే. మరి ఆ ఐదు వేలు దేనికి?

నేను మా ఊరగాయలాయనకు వేరే దారి చెప్పాను. ముప్పై ఏళ్లుగా ఆవకాయ పెడుతున్నారు కదా, ఏడాదంతా అది ఎందుకు పాడవదో రాయండి. ఉప్పు ముక్కలోని నీటిని ఎలా లాగుతుందో, పైన తేలే నువ్వుల నూనె గాలిని ఎలా ఆపుతుందో, జాడీలో తడి గరిటె ఎందుకు పెట్టనివ్వరో ఫొటోలతో సహా పెట్టండి. తర్వాత ఫుడ్ టెక్నాలజీ చెప్పే కాలేజీ మాస్టారు ఒకరికి మర్యాదగా ఉత్తరం రాయండి. పిల్లలకు పనికొస్తుందనుకుంటే ఆయనే తన పాఠాల పేజీలో చేరుస్తారు. లేదంటే లేదు. నెలలు పట్టొచ్చు.

ఆయన రాయడం మొదలుపెట్టారు. కాయ కోయడం దగ్గర నుంచి జాడీకి వాసెన కట్టడం దాకా పూర్తయిందట. ఉప్పు కొలత మాత్రం చచ్చినా బయటపెట్టనంటున్నారు.

నమస్కారం.