కేసు వద్దు, కొట్టడం ఆగితే చాలు

(తెర మీద: లోపల గడియ పెట్టిన తలుపు. గడప బయట ఒక బట్టల సంచి.)

రాత్రి పదకొండు. సంచి బయటికి విసిరేసి తలుపేసేశారు. తెల్లారాక పెద్దమనుషులొచ్చి "సర్దుకుపో తల్లీ" అంటారు. స్టేషన్‌కి వెళ్దామంటే ఆవిడకే మనసొప్పదు. "ఆయన్ని జైల్లో పెట్టించడం నాకిష్టం లేదండీ. కొట్టకుండా ఉంటే చాలు, నా ఇంట్లో నేనుంటే చాలు" అంటుంది.

అచ్చంగా ఈ మాట అనేవాళ్ల కోసమే 2005 నాటి గృహహింస చట్టం. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దీని కింద మేజిస్ట్రేటు ముందుగా ఇచ్చేది శిక్ష కాదు, ఆర్డర్. చెయ్యి చేసుకోకూడదు, ఆమె ఉద్యోగం చేసే చోటికి రాకూడదు, ఫోన్లు చేసి వేధించకూడదు, ఆమె నగలు అమ్మకూడదు. ఇది రక్షణ ఉత్తర్వు. ఇంట్లోంచి గెంటకుండా నివాస ఉత్తర్వు వేరే ఉంది. ఇల్లు మామగారి పేరున ఉందంటారా? కాపురమున్న ఇల్లు అత్తమామలదైనా కోడలు నివాస హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

భార్యే కానక్కర్లేదు. కొడుకు చేతిలో దెబ్బలు తినే తల్లి, అన్న గెంటేసిన చెల్లెలు కూడా అడగొచ్చు.

(తెర మీద: డీఐఆర్ ఫారం, దగ్గరగా.)

మహిళా శిశు సంక్షేమ శాఖలో రక్షణాధికారి ఉంటారు. ఆ అధికారి రాసేదే ఈ డీఐఆర్, అంటే జరిగిన హింస మీద రిపోర్టు. ఒకసారి చదవండి. మగపిల్లాడు పుట్టలేదని దెప్పడం, తిండికీ మందులకీ డబ్బివ్వకపోవడం, ఉద్యోగం మాన్పించడం... అన్నీ అచ్చయి ఉన్నాయి. మన ఇళ్లలో "అవీ హింసేనా" అనుకునేవన్నమాట! రాయించేటప్పుడు "పెళ్లయిన దగ్గర్నుంచీ కొడుతున్నాడు" అని ఊరుకోకండి. "భోగి ముందు రోజు సాయంత్రం, వంటింట్లో, అట్లకాడతో" అని చెప్పండి. జడ్జిగారి ముందు నిలబడేది ఆ వివరమే.

అత్తారిల్లు హైదరాబాద్, పుట్టిల్లు తెనాలి అనుకుందాం. తాత్కాలికంగా పుట్టింట్లో ఉంటున్నా తెనాలి కోర్టులోనే వేయొచ్చు. లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది.

మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా, 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం. నిజం చెప్పాలంటే చాలాచోట్ల అంతకంటే సాగుతుంది. అందుకే పిటిషన్‌తోపాటే మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు తేలేలోపు ఇచ్చే ఆర్డర్ అడగండి. మీ అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిచ్చిన వాంగ్మూలం) చూసి, అవతలివాళ్లు రాకముందే ఇచ్చే అధికారం మేజిస్ట్రేటుకుంది.

ఆర్డర్ కాపీకి డబ్బు కట్టక్కర్లేదు. ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి. రక్షణ ఉత్తర్వును ఆయన మీరితే అప్పుడది నేరం. ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బెయిలు హక్కుగా రాదు. పోలీసుల అత్యవసర నంబరు 112కి ఫోన్ చేసి "నా దగ్గర కోర్టు ఆర్డర్ ఉంది" అని మొదటి మాటగా చెప్పండి. ఆర్డర్ ఇంకా రాకపోతే, దారి చెప్పడానికి మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది.

రాజీ కుదిరి మళ్లీ కాపురానికి వెళ్లారనుకోండి. పెద్దమనుషులు చింపేయమన్నంత మాత్రాన రక్షణ ఉత్తర్వు పోదు. మీరు వెళ్లి రద్దు చేయమని అడిగేదాకా, లేదా కోర్టే మార్చేదాకా అమల్లోనే ఉంటుంది. వెళ్లేముందు ఒక కాపీ అమ్మ బీరువాలో పెట్టి వెళ్లండి.